ఇంట్లో మృదంగం, పెరట్లో డప్పు: తక్కువ ఖర్చుతో ధ్వనిముద్రణ

ధ్వనిశాస్త్రం నిత్యజీవితంలో ఎలా పనికివస్తుందో చెప్పుకునే ఈ ప్రసంగంలో మన విషయం చర్మవాద్యాల ధ్వనిముద్రణ. మృదంగం, డప్పు, డోలు, తబలా, డ్రమ్ సెట్టు వంటి వాద్యాలను స్టూడియోకు వెళ్లకుండా, ఇంటి దగ్గరే, మధ్యతరగతి కుటుంబం భరించగల ఖర్చుతో ఎలా రికార్డు చేసుకోవచ్చో చూద్దాం.

ఈ పని ఎందుకు ముఖ్యమో ముందు చెప్పుకోవాలి. కీర్తనకు సాహిత్యం పుస్తకంలో దొరుకుతుంది. రాగాన్ని స్వరలిపిలో రాసుకుంటాం. మృదంగం జతులను కూడా అక్షరాల్లో పెట్టుకునే పద్ధతి ఉంది. కాని ఊళ్లో డప్పు వాయించే పెద్దవాళ్ల చేతుల్లో ఉన్న దరువుల్లో చాలావాటికి పుస్తకం లేదు. పెళ్లి ఊరేగింపుకు ఒక దరువు, జాతరకు ఒక దరువు, అంతిమయాత్రకు ఒక దరువు. చూసి, విని, పక్కన నిలబడి వాయించి నేర్చుకోవడమే వాటికి బడి. ఆ పెద్దమనిషి తరువాత ఆ దరువు మిగలాలంటే మంచి రికార్డింగే దానికి పుస్తకం.

సెల్‌ఫోన్ చేతిలో ఉన్న ప్రతివాళ్లూ ఈ రోజుల్లో రికార్డు చేస్తూనే ఉన్నారు. అయితే ఆ రికార్డింగు విన్నప్పుడు ఏ దెబ్బ ఏ చేతిదో తెలుస్తుందా? లావు కర్ర దెబ్బా, సన్నపుల్ల దెబ్బా వేరువేరుగా వినిపిస్తాయా? వినిపించకపోతే అది జ్ఞాపకం అవుతుంది గాని పాఠం కాదు. విని నేర్చుకోవడానికి పనికివచ్చే రికార్డింగే మంచి రికార్డింగు అనే కొలబద్దను ఈ ప్రసంగం పొడుగునా మన ముందు పెట్టుకుందాం.

ఆ కొలబద్దకు నిలిచే రికార్డింగు అయిదు విషయాల మీద ఆధారపడుతుంది. వాద్యం, స్థలం, దూరం, స్థాయి, పరికరం. ఈ వరసలోనే వాటికి ప్రాముఖ్యం. మొదటి నాలుగింటికీ దాదాపు ఖర్చు లేదు. మనలో చాలామంది అయిదోదానితో మొదలుపెట్టి అక్కడే డబ్బంతా ఖర్చు చేస్తారు.

వాద్యం: చర్మం ఎలా కంపిస్తుంది

తంత్రిని మీటితే మూలస్వరంతో పాటు దానికి 2 రెట్లు, 3 రెట్లు, 4 రెట్లు పౌనఃపున్యం గల అనుస్వరాలు పుడతాయి. పూర్ణాంకాల నిష్పత్తిలో ఉంటాయి కనుక అవి చెవికి ఇంపుగా కలిసిపోతాయి. వలయానికి బిగించిన మామూలు చర్మం అలా ప్రవర్తించదు. దాని కంపన రీతుల పౌనఃపున్యాలు 1, 1.59, 2.14, 2.30 ఇలా పొంతన లేని నిష్పత్తుల్లో ఉంటాయి. అందుకే చాలా చర్మవాద్యాలకు దెబ్బ ఉంటుంది గాని స్పష్టమైన శ్రుతి ఉండదు.

మృదంగం, తబలా ఇందుకు మినహాయింపు. వాటి ముఖం మీది గుండ్రటి నల్లని పూత చర్మం మధ్యభాగాన్ని బరువెక్కిస్తుంది. ఆ బరువు వల్ల కంపన రీతులు సర్దుకుని పూర్ణాంక నిష్పత్తులకు దగ్గరగా వస్తాయి. ఈ సంగతిని శాస్త్రీయంగా వివరించినవారు చిన్నతనం విశాఖపట్నంలో గడిపిన సర్ సి. వి. రామన్. 1920లో శివకాళి కుమార్‌తో కలిసి ‘నేచర్’ పత్రికలో ఒక చిన్న వ్యాసం, 1934లో మరింత వివరమైన వ్యాసం ప్రచురించారు. నోబెల్ బహుమతి తెచ్చిన కాంతి పరిశోధనకు ముందూ, తరువాతా కూడా ఆయన మన వాద్యాల గురించి ఆలోచించారన్నమాట.

ఈ సిద్ధాంతానికీ మైకుకూ సంబంధం ఏమిటి? చర్మం కంపించే రీతుల్లో కొన్నింటిలో సగభాగం పైకి లేస్తుంటే తక్కిన సగం కిందికి దిగుతుంది. అటువంటప్పుడు చర్మానికి నడిమధ్యన, నిటారుగా ఎదురుగా ఉన్న బిందువు దగ్గర ఈ రెండు సగాల ధ్వని ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటుంది. మృదంగంలో రెండో అనుస్వరం పుట్టేది ఇటువంటి రీతి నుంచే. కనుక మైకును చర్మం నడిబొడ్డుకు సూటిగా పెడితే వాద్యపు నాదంలో ముఖ్యమైన భాగం సన్నగిల్లుతుంది. మైకును కొద్దిగా పక్కకు జరిపి, మధ్యకూ అంచుకూ నడుమ ఉన్న చోటుకు ఏటవాలుగా చూపించండి. అంచుకు జరిపేకొద్దీ గణగణ ఎక్కువవుతుంది, మధ్యకు జరిపేకొద్దీ గుమ్కు ఎక్కువవుతుంది. ఎక్కడ ఆపాలో మీ చెవి చెబుతుంది.

రికార్డింగుకు ముందు శ్రుతి సరిచేసుకోవడం మరువకండి. చర్మం గాలిలో తేమను పీల్చి సడలుతుంది. డప్పును మంట దగ్గర కాచి బిగువు తెచ్చుకోవడం అందుకే. మృదంగం ఎడమ ముఖం మీద పెట్టే రవ్వ ముద్ద ఆరిపోయేకొద్దీ దాని బరువు తగ్గి స్వరం మారుతుంది. ప్రతి పావుగంటకూ ఒకసారి ఆగి చూసుకోవడం మంచిది. సడలిన చర్మాన్ని బిగించే కంప్యూటర్ ప్రోగ్రాము ఏదీ లేదు.

స్థలం: గది కూడా ఒక వాద్యమే

గదిలో వాయించినప్పుడు మైకుకు వాద్యం నుంచి నేరుగా వచ్చే ధ్వని ఒకటి, గోడలకు, నేలకు, పైకప్పుకు తగిలి వచ్చే ధ్వని మరొకటి చేరతాయి. పరావర్తనం చెందిన ధ్వని 1 మీటరు ఎక్కువ ప్రయాణించిందనుకోండి. ధ్వని వేగం సెకనుకు సుమారు 345 మీటర్లు కనుక అది దాదాపు 3 మిల్లీసెకన్లు ఆలస్యంగా వస్తుంది. ఆ ఆలస్యం వల్ల 172 హెర్ట్జ్, 517 హెర్ట్జ్, 862 హెర్ట్జ్ వంటి పౌనఃపున్యాల వద్ద రెండు తరంగాలూ ఎదురెదురు దశల్లో కలిసి బలహీనపడతాయి. మధ్యలో ఉన్నవి బలపడతాయి. ఫలితంగా వాద్యం డబ్బాలో వాయించినట్టు వినిపిస్తుంది.

దీనికి తోడు గదికి సొంత అనునాదాలు ఉంటాయి. 3 మీటర్ల దూరంలో ఎదురెదురు గోడలుంటే వాటి మధ్య 57 హెర్ట్జ్ దగ్గర ఒక స్థిర తరంగం ఏర్పడుతుంది. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ సమానంగా ఉన్న గదిలో మూడు అనునాదాలూ ఒకే చోట పోగవుతాయి. అందుచేత చదరపు గది కన్నా పొడవాటి హాలు మేలు. గది నడిమధ్యనా, మూలలోనా కూర్చోకుండా, పొడవులో మూడోవంతు దగ్గర కూర్చోండి.

చప్పట్లు కొట్టి చూడండి. ఖాళీ గదిలో చప్పట్ల వెంట ‘టంగ్’మని చిన్న ప్రతిధ్వని వినిపిస్తే సమాంతరంగా ఉన్న గోడలు ధ్వనిని బంతిలా ఆడుకుంటున్నాయన్నమాట. దీనికి మందు ఇంట్లోనే ఉంది. దూది పరుపులు, బొంతలు, రజాయిలు, బట్టలతో నిండిన బీరువా తలుపులు తీసి ఉంచడం, నేల మీద మందపు జంపఖానా. పరుపును గోడకు ఆనించకుండా ఒక జానెడు ఎడంగా నిలబెడితే ఇంకా బాగా పనిచేస్తుంది. కారణం ఉంది. పీచు పదార్థం ధ్వనిని బాగా శోషించాలంటే గోడ నుంచి దాని ముందుతలం వరకు ఉన్న దూరం తరంగదైర్ఘ్యంలో నాలుగోవంతుకు దగ్గరగా ఉండాలి. 1000 హెర్ట్జ్ తరంగానికి నాలుగోవంతు దాదాపు 9 సెంటీమీటర్లు. 100 హెర్ట్జ్‌కు 86 సెంటీమీటర్లు. అంటే పరుపు పైస్థాయి ధ్వనులను అణచగలదు గాని మంద్రధ్వనులను పెద్దగా తాకలేదు. ఇక గుడ్ల అట్టలు గోడకు అంటించే అలవాటు ఒకటుంది. ఆ పలుచని అట్ట శోషించేది బహు స్వల్పం. ఆ శ్రమ పరుపుల మీద పెట్టండి.

డప్పు విషయం వేరు. అది ఆరుబయట వాయించడానికి పుట్టిన వాద్యం. దాన్ని చిన్న గదిలో బంధించి రికార్డు చేయడం దానికి అన్యాయం. చుట్టూ గోడలు లేని పెరడు, కళ్లం, ఊరి చివర మైదానం దానికి అన్నిటికన్నా మంచి స్టూడియో. అక్కడ నేల తప్ప మరో పరావర్తన తలం లేదు, అద్దె కూడా లేదు. గాలి మాత్రం శత్రువు. మైకుకు స్పంజి తొడుగు వేయండి, గాలి వీచే దిక్కుకు అడ్డంగా మనుషుల్ని నిలబెట్టండి. బోరు మోటార్లు, బస్సులు, గుడి మైకు మొదలుకాక ముందు తెల్లవారుజాము మంచి సమయం. మంచు తేమకు చర్మం సడలుతుంది కనుక కాచుకోవడానికి నాలుగు పుల్లలు సిద్ధంగా ఉంచుకోండి.

దూరం: డబ్బు అక్కరలేని పరికరం

గౌహర్ జాన్ 1902లో కలకత్తాలో పాడి రికార్డు ఇచ్చిన రోజుల్లో మైకులే లేవు. గాయకులు ఒక పెద్ద కొమ్ము ముందు నిలబడి పాడితే ఆ ధ్వని బలంతోనే సూది గాడి గీసేది. విద్యుత్ మైకులతో రికార్డింగు 1925లో గాని వాడుకలోకి రాలేదు. ఆ కొమ్ము కాలంలో మీటలు లేవు కనుక గట్టిగా మోగే వాద్యాన్ని దూరంగా, మెల్లగా పాడేవారిని దగ్గరగా నిలబెట్టి సమతూకం సాధించేవారు. వాళ్లకున్న ఆ పనిముట్టు ఇప్పటికీ మనకుంది.

పరావర్తనాలు లేని చోట దూరం రెట్టింపైతే ధ్వని స్థాయి 6 డెసిబెల్లు తగ్గుతుంది. 30 సెంటీమీటర్ల నుంచి 60కి, అక్కడి నుంచి 120 సెంటీమీటర్లకు వెళితే 12 డెసిబెల్లు తగ్గినట్టు. గది ప్రతిధ్వని మాత్రం మైకు ఎక్కడున్నా ఇంచుమించు ఒకేలా ఉంటుంది. కనుక దగ్గరికి వెళ్లేకొద్దీ వాద్యం పాలు, దూరం జరిగేకొద్దీ గది పాలు పెరుగుతాయి. గది బాగాలేకపోతే దగ్గరగా, బాగుంటే దూరంగా అన్నది మొదటి సూత్రం.

మరీ దగ్గరితనం కూడా మంచిది కాదు. ముందువైపు ధ్వనినే ఎక్కువగా గ్రహించే మైకులు వాద్యానికి బాగా సమీపిస్తే మంద్రధ్వనులను ఉన్నదానికన్నా పెంచి చూపిస్తాయి. మృదంగం ఎడమ ముఖానికి 10 సెంటీమీటర్ల లోపు పెడితే ‘తొం’ అనే దెబ్బ కుడివైపు ‘నం’ను మింగేస్తుంది.

ఒకే మైకు ఉంటే దాన్ని వాద్యానికి ఎదురుగా, రెండు ముఖాలకూ సమాన దూరంలో, మీటరు దూరాన పెట్టండి. ఎడమ ఎక్కువగా వినిపిస్తే నాలుగు వేళ్లు కుడికి జరపండి. డప్పుకైతే మీటరు నుంచి మీటరున్నర దూరం చాలు. కుడిచేతి సిర్ర దెబ్బా, ఎడమచేతి చిటికెన పుల్ల దెబ్బా విడివిడిగా వినిపించే చోటు వెతకండి. కళాకారుడు వాయిస్తుండగా ఒక చెవి మూసుకుని, రెండో చెవితో చుట్టూ తిరిగి వినండి. ఆ చెవికి బాగున్న చోటే మైకుకూ బాగుంటుంది.

రెండు మైకులు ఉంటే

రెండు మైకులు మృదంగానికి సరిగ్గా సరిపోతాయి. ఒక్కో ముఖానికి 20 సెంటీమీటర్ల దూరంలో ఒక్కొక్కటి పెట్టండి. మృదంగం పొడవు సుమారు 60 సెంటీమీటర్లు కనుక ప్రతి మైకుకూ అవతలి ముఖం మూడింతలకు మించిన దూరంలో ఉంటుంది. మూడింతల దూరంలో స్థాయి 9 డెసిబెల్లకు పైగా తగ్గుతుంది. రెండు మైకుల ధ్వనిని కలిపినప్పుడు ఒకదాన్నొకటి చెరుపుకోకుండా ఉండటానికి ఆ తేడా అవసరం.

దశ సంగతి ఇక్కడే వస్తుంది. డప్పుకు ముందొక మైకు, వెనకొక మైకు పెట్టారనుకోండి. దెబ్బ పడగానే చర్మం ముందు మైకుకు దూరంగా, వెనుక మైకుకు దగ్గరగా కదులుతుంది. ఒకదానికి విరళీకరణ చేరే క్షణాన రెండోదానికి సంపీడనం చేరుతుంది. ఈ రెండింటినీ అలాగే కలిపితే గుమ్కు మాయమవుతుంది. ఏదో ఒక మైకు తరంగాన్ని తలకిందులు చేస్తే తిరిగి వస్తుంది. రికార్డింగు ప్రోగ్రాముల్లో దీనికి ఒక మీట ఉంటుంది. రెండు విధాలా విని, మంద్రధ్వని ఎందులో నిండుగా ఉంటే దాన్ని ఉంచండి.

డ్రమ్ సెట్టు వాయించే పిల్లలకు కూడా ఇదే పాఠం. ఎనిమిది పది మైకులు లేనిదే డ్రమ్స్ రికార్డు కావని నిరుత్సాహపడనవసరం లేదు. బ్రిటిష్ ఇంజినీరు గ్లిన్ జాన్స్ 1968లో లండన్‌లో లెడ్ జెప్పెలిన్ బృందం తొలి ఆల్బమును రికార్డు చేశారు. ఆయన పేరుతోనే ప్రసిద్ధమైన పద్ధతిలో మూడు నాలుగు మైకులే వాడతారు. ఒకటి స్నేర్ డ్రమ్ముకు పైన, ఒకటి పెద్ద టామ్ పక్కన, మరొకటి కాలి డ్రమ్ముకు ముందు. కావాలంటే స్నేర్ దగ్గర ఇంకొకటి. మొదటి రెండూ స్నేర్ డ్రమ్ము మధ్యబిందువు నుంచి సరిసమాన దూరంలో ఉండాలి. అప్పుడు స్నేర్ దెబ్బ రెండింటికీ ఒకే క్షణంలో చేరి దశ చెడదు. ఆ కొలతకు కావలసిన పరికరం ఒక పురికొస ముక్క.

స్థాయి: తల తెగిన తరంగం

దెబ్బ కొట్టిన కొన్ని మిల్లీసెకన్లలోనే ధ్వని శిఖరానికి చేరుతుంది. ఆ శిఖరం పరికరం హద్దు దాటితే తరంగం తల తెగిపోతుంది. తెగిన తలను తరువాత అతికించలేం. అలాగని హద్దు అంచున రికార్డు చేయనవసరం లేదు. 16 బిట్ల రికార్డింగులో 96 డెసిబెల్లు, 24 బిట్లలో సిద్ధాంతరీత్యా 144 డెసిబెల్ల వ్యాప్తి ఉంటుంది. కనుక 24 బిట్లు ఎంచుకుని, అతి గట్టి దెబ్బ కూడా సున్నాకు 12 డెసిబెల్లు కిందనే ఆగేటట్టు మీట తగ్గించండి. పరీక్షకు కొట్టే దెబ్బ కన్నా కచేరీ ఊపులో పడే దెబ్బ ఎప్పుడూ గట్టిగానే ఉంటుంది.

ఫోనుతో వచ్చే చిక్కు కూడా స్థాయి చిక్కే. చాలా ఫోన్లలో మామూలు రికార్డరు తనంత తానే స్థాయిని పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. మాటలకు అది మేలు చేస్తుంది. చర్మవాద్యానికి కీడు చేస్తుంది. గట్టి దెబ్బ అణిగిపోతుంది, దాని వెనుక వచ్చే చిన్న దెబ్బ ఉబ్బిపోతుంది, వాయించేవాడి చేతి తూకం చెరిగిపోతుంది. స్థాయిని మన చేత్తో నిలిపి ఉంచే ఆప్ దొరికితే అది వాడి, ఫోనును మరికాస్త దూరంగా పెట్టండి. చేత్తో పట్టుకోకుండా ముక్కాలి పీట మీద, మెత్తని బట్ట పరచి నిలబెట్టండి.

పరికరం: చివరికి మిగిలిన ఖర్చు

ఇప్పుడు బజారుకు వెళదాం. రెండు మైకులు తగిలించుకోగల యుఎస్‌బి ఇంటర్‌ఫేస్ పెట్టె ఒకటి, చవక రకం డైనమిక్ మైకులు రెండు, స్టాండ్లు, తీగలు, చెవులు మూసే హెడ్‌ఫోన్లు ఒకటి. ఇవన్నీ ఇప్పటి ధరల్లో సుమారు 15 నుంచి 20 వేల రూపాయల్లో సమకూరుతాయి. ఇంట్లో ఏదో ఒక కంప్యూటరు ఉంటే చాలు. 2000లో విడుదలైన ‘అడాసిటీ’ వంటి ప్రోగ్రాములు ఉచితంగానే దొరుకుతాయి. డైనమిక్ మైకు మొరటుది, గట్టి దెబ్బలకు బెదరదు, బయటి విద్యుత్తు అడగదు. కండెన్సర్ మైకు సున్నితమైనది. దానికి సాధారణంగా 48 వోల్టుల విద్యుత్తు ఇంటర్‌ఫేస్ నుంచి అందాలి. మొదటి కొనుగోలుకు డైనమిక్కే క్షేమం. నలుగురు విద్యార్థులు కలిసి ఒక సెట్టు కొనుక్కుంటే ఇంకా మేలు.

రికార్డయిన తరువాత కంప్యూటరులో చేసే మరమ్మతు ఎంత తక్కువైతే అంత మంచిది. రొద తీసివేసే ఉపకరణాన్ని అతిగా వాడితే కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, రొదతో పాటు చర్మం గణగణ కూడా పోతుంది. ఫ్యాను ఆపి రికార్డు చేయడం దానికన్నా సులభం.

దాచడం: రికార్డింగు తరువాత పని

అసలు ప్రతిని వేవ్ రూపంలోనే ఉంచండి. 48,000 నమూనాలు, 24 బిట్లు, రెండు మార్గాల రికార్డింగు నిమిషానికి 17 మెగాబైట్లు, గంటకు దాదాపు ఒక గిగాబైటు స్థలం తీసుకుంటుంది. చిన్న పెన్ డ్రైవులో ఎన్నో గంటలు పడతాయి. పంపడానికి ఎంపీ3 చేసుకోండి గాని అసలును చెరపకండి. రెండు ప్రతులు రెండు వేరువేరు ఇళ్లలో ఉండాలి.

ప్రతి రికార్డింగు మొదట్లో మాటల్లో చెప్పి ఉంచండి. వాయిస్తున్నవారి పేరు, ఊరు, తేదీ, వాద్యం, దరువు పేరు, అది ఏ సందర్భానిది. ముందు దరువును మామూలు వేగంలో, తరువాత నిదానంగా, ఆపైన ఒక్కొక్క చేతిని విడిగా వాయించమని అడగండి. ఆ నిదానపు ప్రతిలోనే రేపటి విద్యార్థికి పాఠం ఉంటుంది. ఇంకొక మాట. వాయించే ముందే అనుమతి అడగండి, ఎవరెవరికి వినిపించవచ్చో వారినే చెప్పమనండి, పూర్తయ్యాక ఒక ప్రతి వారి ఇంటికి తప్పక చేర్చండి. డప్పు ఊరందరికీ కావలసి వచ్చింది గాని వాయించినవారి పేరు మాత్రం ఎక్కడా నమోదు కాలేదు. ఈ లోటు మన రికార్డింగుల్లో కొనసాగకూడదు.

ఇక మీరు చేయవలసిన ప్రయోగం. మీ దగ్గరున్న ఫోనుతోనే ఒకే వాద్యాన్ని, ఒకే దరువును మూడు చోట్ల రికార్డు చేయండి. ఖాళీ గదిలో ఒకసారి, పరుపులు నిలబెట్టిన గదిలో ఒకసారి, ఆరుబయట ఒకసారి. ప్రతిచోటా అర మీటరు, ఒక మీటరు, రెండు మీటర్ల దూరాల్లో. మొత్తం తొమ్మిది ముక్కలవుతాయి. ఏది ఎక్కడిదో చెప్పకుండా ఆ వాద్యం తెలిసిన ఒకరికి వినిపించి, ప్రతి దెబ్బా ఏ చేతిదో చెప్పమనండి. ఎక్కువ దెబ్బలు సరిగ్గా చెప్పగలిగిన ముక్క ఏదో కాగితం మీద రాసుకోండి. ఏ మైకు కొనాలన్న ప్రశ్నను ఆ కాగితం చూశాకే వేసుకోండి. ఈలోగా మీ ఊళ్లో ఎవరి దరువు ముందు రికార్డు చేయాలో ఆలోచించి, ఈ వారంలోనే వెళ్లి వారిని అడగండి.